మోడల్‌ను తేదీ అడగొద్దు, మీట అడగండి

ఏ అంటువ్యాధి వచ్చినా టీవీ చర్చల్లో గణితం తెలిసిన మనిషిని కూర్చోబెట్టి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పీక్ ఎప్పుడండీ?" ఆయన ఒక తేదీ చెబుతాడు. అది నిజమైతే ఆయన మోడల్ (రోగం ఎలా పాకుతుందో చూపే లెక్క) గొప్పది, తప్పితే ఈ లెక్కలన్నీ దండగ. కోవిడ్ కాలంలో రెండేళ్ళ పాటు ఇదే నడిచింది. అసలు ఆ ప్రశ్న అడగడమే పొరపాటని నా వాదన. రోగాల గణితం పుట్టింది జోస్యం చెప్పడానికి కాదు. డబ్బు, మనుషులు, మందు అన్నీ కొద్దిగానే ఉన్నప్పుడు ఏ మీట తిప్పితే రోగం ఎంత తగ్గుతుందో ముందే చూసుకోవడానికి పుట్టింది. ఆ పని అది నూరేళ్ళకు పైగా చక్కగా చేస్తోంది. నగరాల్లో డెంగీకి, మన్యంలో మలేరియాకి మనం దాన్ని వాడుకోవాల్సినంతగా వాడుకోవడం లేదు.

ఈ గణితానికి మూలపురుషుడు మన దగ్గర పనిచేసినవాడే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పనికి గుర్తుగా బేగంపేటలో ఆయన పేరుతో భవనం ఉంది, 1902లో నోబెల్ వచ్చింది. ఇంతవరకు బడి పిల్లలకి కూడా తెలుసు. తరవాత జరిగింది తక్కువమందికి తెలుసు. దోమల్ని తగ్గిస్తే మలేరియా పోతుందని రాస్ అంటే, దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమూ కాదని, కొన్ని మిగిలినా జబ్బు మిగిలే ఉంటుందని చాలామంది కొట్టిపారేశారు. దానికి జవాబు చెప్పడానికే ఆయన సమీకరణాలు రాశాడు. మారిషస్ మలేరియా మీద 1908లో ఇచ్చిన నివేదికలో మొదలుపెట్టి, 1911 నాటికి దాన్ని పూర్తి లెక్కగా మలిచాడు.

ఆ లెక్క సారాంశం సులువు. ఊళ్ళో ఒక రోగి ఉన్నాడు. అతన్ని కుట్టే దోమలు కొన్నే. వాటిలో పరాన్నజీవి పండేదాకా, అంటే పది రోజుల దాకా, బతికేవి ఇంకా తక్కువ. బతికినవాటిలో మళ్ళీ మనిషిని కుట్టగలిగేవి మరీ తక్కువ. ఈలోగా కొంతమంది రోగులు కోలుకుంటూ ఉంటారు. కొత్తగా సోకేవాళ్ళ కంటే కోలుకునేవాళ్ళు ఎక్కువైతే జబ్బు దానంతటదే ఆరిపోతుంది. నాలుగింట ఒక దోమే మనిషిని కుట్టగలుగుతుందని, మూడింట ఒకటే పది రోజులు బతుకుతుందని, ఇలా కొన్ని అంచనాలు పెట్టుకుని లెక్కవేస్తే మనిషికి దాదాపు 40 దోమల దగ్గర గీత పడింది. దోమల సంఖ్య ఆ గీత కిందికి దిగితే చాలు, సున్నాకి దింపనక్కర్లేదు. 40 అనే అంకెని పట్టుకుని వేలాడొద్దు, అంచనాలు మారితే అదీ మారుతుంది. అలాంటి గీత ఒకటి ఉందని తేలడమే అసలు సంగతి. ఇప్పుడు ఆర్-నాట్ అంటున్నది దీన్నే: ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతుంది, అది 1 కంటే పైనా, కిందా?

1950లలో మలేరియా నిపుణుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ ఈ లెక్కని మరో మెట్టు ఎక్కించాడు. మీటలన్నీ సమానం కావని చూపించాడు. మనిషికి ఎన్ని దోమలు ఉన్నాయన్నది లెక్కలో ఒక్కసారే వస్తుంది, కాబట్టి దోమల్ని సగం చేస్తే మలేరియా వ్యాప్తి సగం అవుతుంది, అంతే. ఒక దోమ రోజుకి ఎన్నిసార్లు మనిషిని కుడుతుందన్నది వర్గంగా వస్తుంది. ఎందుకంటే దోమ రెండుసార్లు కుట్టాలి: పరాన్నజీవిని తెచ్చుకోవడానికి ఒకసారి, అంటించడానికి ఇంకోసారి. కాబట్టి కాట్లు సగమైతే వ్యాప్తి నాలుగో వంతుకి పడిపోతుంది. దోమతెర బలం ఇక్కడుంది. ఇక దోమ ఒక రోజు గడిచి మరుసటి రోజుకి బతికి ఉండే అవకాశం పదో ఘాతంలో వస్తుంది, అది పది రోజులు వరసగా బతకాలి కాబట్టి.

అంకెలు వేసి చూద్దాం. రోజుకి బతికే అవకాశం 90 శాతం అనుకోండి. 0.9ని పదిసార్లు హెచ్చవేస్తే 0.35 వస్తుంది. దాన్ని దోమ చావు రేటుతో (0.9కి సహజ లాగరిథమ్ తీసి గుర్తు మారిస్తే వచ్చేది), అంటే 0.105తో భాగిస్తే 3.3. అదే అవకాశం 80 శాతానికి తగ్గితే 0.107ని 0.223తో భాగించాలి, 0.48 వస్తుంది. ఏడో వంతు. 70 శాతానికి తగ్గితే 0.08, అంటే నలభయ్యో వంతు. రోజుకి బతికే అవకాశంలో పది పాయింట్లు తగ్గిస్తే వ్యాప్తి ఏడో వంతుకి పడుతోంది. దోమల సంఖ్యని తగ్గించి అదే ఫలితం రావాలంటే ప్రతి ఏడు దోమల్లో ఆరింటిని లేకుండా చెయ్యాలి. మలేరియాలో ప్రమాదం ముసలి దోమతోనే. కాబట్టి దోమ ముసలిదవకుండా చూస్తే చాలు.

ఇళ్ళ గోడలకి డీడీటీ కొట్టడం వెనక ఉన్న తర్కం ఇదే. రక్తం తాగి బరువెక్కిన దోమ దగ్గర్లోని గోడ మీద వాలుతుంది. రెండు మూడు రోజులకోసారి రక్తం తాగిన ప్రతిసారీ ఆ గోడ మీదకే వస్తుంది కాబట్టి, పది రోజుల్లో మూడు నాలుగు సార్లు చావు ముందుకి వస్తుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి 7.5 కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలైంది, 1965 కల్లా కేసులు లక్షకి దిగాయి. 1976లో మళ్ళీ 64 లక్షలకి ఎగబాకాయి. దోమలు మందుకి అలవాటు పడ్డాయి, నిధులు, నిఘా సడలాయి. మందు పనిచేస్తుందన్న నమ్మకంతో లెక్కలో పెట్టిన బతుకు అవకాశం ఊళ్ళలో అలా లేదు. ఏటేటా దోమల్ని పట్టి మందు తాకిడికి ఎన్ని చస్తున్నాయో పరీక్షించకుండా, పదేళ్ళ కిందటి అంకెతో లెక్క నడిపితే జరిగేది ఇదే.

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో ఇదే కథ ఇంకో రూపంలో కనబడుతుంది. అక్కడి కొండవాగుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్‌కి మనిషి రక్తమంటే మక్కువ ఎక్కువ. మైదానంలో ఉండే క్యూలిసిఫేసిస్ దోమ పశువుల మీదకి ఎక్కువగా పోతుంది. అందుకే కొండల్లో దోమలు తక్కువగా కనబడినా మలేరియా ఎక్కువ ఉండగలదు: కాట్ల మీట వర్గంగా పనిచేస్తుంది కదా. గోడలకి మందు కొట్టిన పది వారాల లోపు పండక్కి గోడ అలికితే మట్టి కింద మందు కప్పబడిపోతుంది. రికార్డులో ఆ ఇంటికి మందు కొట్టినట్టే ఉంటుంది, దోమకి మాత్రం అది మామూలు గోడే. పోడు కాపలాకి పొలంలో గుడిసెలో పడుకునేవాళ్ళకి ఊళ్ళో ఇంటి గోడకి ఏ మందు కొట్టినా ఒకటే. మోడల్‌లో "కవరేజీ 85 శాతం" అని రాసేముందు ఈ రెండూ తీసెయ్యాలి. అప్పుడది 50 దగ్గరికి వచ్చినా నాకేం ఆశ్చర్యం ఉండదు.

పక్కనే ఉన్న ఒడిశా రెండు మీటలు కలిపి తిప్పింది. 2017 ప్రాంతంలో మందు పూసిన దోమతెరలు పెద్ద ఎత్తున పంచింది. మారుమూల పల్లెల్లో జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేసి, లోపల పరాన్నజీవితో మామూలుగా తిరుగుతున్నవాళ్ళకి కూడా మందు వేసింది. మొదటిది కాట్లని, దోమ ఆయుష్షుని తగ్గిస్తుంది. రెండోది మనిషి అంటించగలిగే కాలాన్ని తగ్గిస్తుంది. 2016లో ఆ రాష్ట్రంలో 4.4 లక్షల కేసులు, 2019లో 40 వేల లోపు. జ్వరం వచ్చినవాడికే పరీక్ష చేసే పద్ధతిలో లక్షణాలు లేనివాళ్ళు లెక్కలోకే రారు. వాళ్ళని లెక్కలోకి తేవాలని చెప్పేది మోడలే.

ఇక తేదీల గొడవకి వద్దాం. మనిషి నుంచి మనిషికి నేరుగా అంటుకునే జబ్బులకి వాడే ప్రాథమిక మోడల్ 1927లో వచ్చింది. రాసింది ఎడింబరోలో ఇద్దరు. ఒకరు మెకెండ్రిక్, ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసి, కసౌలి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌ని నడిపిన డాక్టరు. 1901లో రాస్‌తో కలిసి సియెర్రా లియోన్ వెళ్ళి వచ్చినవాడు. ఇంకొకరు కెర్మాక్, ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో 1924లో చూపు పోగొట్టుకున్న రసాయన శాస్త్రవేత్త. జనాన్ని మూడు గదుల్లో పెట్టారు: ఇంకా సోకనివాళ్ళు, సోకి అంటించగలిగేవాళ్ళు, ఆ దశ దాటినవాళ్ళు.

దీన్ని ఎవరైనా ఎక్సెల్‌లో అరగంటలో కట్టుకోవచ్చు, కట్టుకోమనే చెబుతాను. 10,000 మంది ఉన్న ఊరు తీసుకోండి. మూడు నిలువు వరసలు పెట్టండి. మొదటి అడ్డ వరసలో 9,990, 10, 0. రెండు అంకెలు పక్కన వేరుగా రాసుకోండి: ఒక రోగి రోజుకి అంటించే రేటు 0.5, రోజుకి కోలుకునే భాగం 0.2 (అంటే సగటున 5 రోజులు అంటిస్తాడు). ఆర్-నాట్ 0.5 భాగించు 0.2, అంటే 2.5. ప్రతి రోజూ కొత్త కేసులు = 0.5 × సోకనివాళ్ళు × రోగులు ÷ 10,000. దాన్ని మొదటి గది నుంచి తీసి రెండోదాంట్లో కలపండి. రోగుల్లో 20 శాతాన్ని రెండోదాంట్లోంచి తీసి మూడోదాంట్లో కలపండి. ఈ వరసని 150 రోజుల దాకా కిందికి లాగండి. మొదటి రోజు 5 కొత్త కేసులు, 2 కోలుకోవడాలు, రోగులు 13. నాలుగు వారాలకి ఒకేసారి జబ్బుతో ఉన్నవాళ్ళు దాదాపు 2,500 అవుతారు. చివరికి పదిమందిలో తొమ్మిదిమందికి సోకుతుంది. మూడు గదుల మొత్తం ఏ రోజైనా 10,000 రాకపోతే సూత్రం ఎక్కడో తప్పు రాశారన్నమాట. అదే మొదట చూసుకోవాలి.

ఇప్పుడు 0.5 ఉన్నచోట 0.3 పెట్టండి. కలయికలు 40 శాతం తగ్గినట్టు. పీక్ రెండు నెలలకి వెళుతుంది, ఎత్తు 2,500 నుంచి 650కి పడుతుంది. 40 శాతం శ్రమకి ఆసుపత్రి మీద 74 శాతం భారం తగ్గుతోంది. మీట అంటే ఇదే.

తేదీ ఎందుకు నమ్మకూడదో కూడా ఇదే షీటులో కనబడుతుంది. మొదట్లో కేసులు రోజుకి 30 శాతం చొప్పున పెరుగుతున్నాయని మనకి తెలుసు. ఆ 30 శాతం ఎలా వచ్చింది? అంటించేది 0.5, కోలుకునేది 0.2 కావచ్చు. అంటించేది 0.4, కోలుకునేది 0.1 కూడా కావచ్చు. రెండిటి తేడా 0.3నే. మొదటి రెండు వారాల గీతలు ఒకదాని మీద ఒకటి పెడితే తేడా కనబడదు. కానీ మొదటిదాంట్లో ఆర్-నాట్ 2.5, రెండోదాంట్లో 4. పీక్ మొదటిదాంట్లో 2,500, రెండోదాంట్లో 4,000 పైన. తొలి వారాల కేసుల గీత ఒక్కటే చూసి ఈ రెండింట్లో ఏది నిజమో ఏ గణితమూ చెప్పలేదు. ఒక్కో రోగి ఎన్నాళ్ళు అంటిస్తున్నాడో వేరే అధ్యయనం నుంచి తేవాలి. పదిమందికి సోకితే ఒక్కరే పరీక్షలో బయటపడుతున్నారా, ముప్పైమందిలో ఒక్కరా అన్నది కూడా గీత చెప్పదు. దానికి రక్తంలో యాంటీబాడీల సర్వే కావాలి.

ఇంకా చిక్కు ఏమిటంటే, తప్పు మోడల్ కూడా గీతకి చక్కగా అతుక్కుంటుంది. 1927 నాటి ఆ వ్యాసంలోనే ఉంది ఉదాహరణ. 1905 డిసెంబరు నుంచి 1906 జులై దాకా బొంబాయి ప్లేగు మరణాలని వారం వారం తీసుకుని తమ గీతని వాటి మీద పరిచారు. ముచ్చటగా సరిపోయింది, ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఆ బొమ్మ వేస్తారు. కానీ ఆ గీత కింద మొత్తం మరణాలు సుమారు 9,000, నగర జనాభా 10 లక్షలకి దగ్గర. సోకనివాళ్ళు తగ్గిపోవడం వల్ల ప్లేగు ఆగిందని మోడల్ చెబుతుంది. నూటికి ఒక్కరు పోయిన ఊళ్ళో సోకనివాళ్ళు ఎలా తరిగిపోతారు? ఆ ప్లేగు ఎలుకల్లో, వాటి రక్తం తాగే ఫ్లీ పురుగుల్లో నడిచింది. ఏటా అదే కాలంలో పెరిగి వేసవి ముదిరేసరికి తగ్గింది, మరుసటి ఏడు మళ్ళీ వచ్చింది. రాసినవాళ్ళకీ ఇది తెలుసు, జాగ్రత్తలు చెప్పే రాశారు. చదివినవాళ్ళే బొమ్మ చూసి నమ్మేశారు.

2020లో మనకి జరిగింది దీనికి దగ్గరగా ఉంటుంది. ఐఐటీ హైదరాబాద్‌కి చెందిన ఎం. విద్యాసాగర్ అధ్యక్షుడిగా ఉన్న కోవిడ్ లెక్కల జాతీయ కమిటీ అక్టోబరులో, పీక్ సెప్టెంబరులోనే దాటిపోయిందని, 2021 ఫిబ్రవరి కల్లా లక్షణాలున్న కేసులు అతి తక్కువకి దిగుతాయని చెప్పింది. అప్పటికే జనాభాలో 30 శాతం మందికి సోకిందన్న అంచనా ఆ లెక్కకి ఆధారం. రెండు నెలల తరవాత, డిసెంబరు-జనవరిలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన రక్తపరీక్షల సర్వేలో పెద్దవాళ్ళలో తేలింది 21.4 శాతం. అంటే ఇంకా సోకనివాళ్ళు మోడల్ అనుకున్నదానికంటే కోట్లలో ఎక్కువ. దాని మీదకి డెల్టా అనే కొత్త రకం వైరస్ వచ్చింది, అంటించే రేటే మారిపోయింది. మే మొదటి వారంలో రోజువారీ కేసులు 4 లక్షలు దాటాయి. వైరస్ తీరు మారనంతవరకే మోడల్ మాట చెల్లుతుందని ఆ శాస్త్రవేత్తలే తరవాత వివరించారు, అది నిజమే. నా అభ్యంతరం వాళ్ళ గణితం మీద కాదు. ఆ షరతుని తేదీతో పాటు మొదటి వాక్యంలోనే, అంతే పెద్ద అక్షరాల్లో చెప్పి ఉండాలి. "సోకినవాళ్ళు 30 కాక 20 శాతమే అయితే ఏమవుతుంది, అంటించే రేటు 50 శాతం పెరిగితే ఏమవుతుంది" అనే రెండు గీతలు పక్కనే ఉంటే, ఆక్సిజన్ సిలిండర్ల లెక్క చూసే అధికారికి ఫిబ్రవరి తేదీ కంటే అవే ఎక్కువ పనికొచ్చేవి.

అదే కాలంలో మన దగ్గరి నుంచి వెళ్ళిన సమాచారం మీట ఎక్కడుందో ప్రపంచానికి చూపించింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో దాదాపు 85 వేల రోగులకి దగ్గరగా మెలిగిన 5.75 లక్షల మందిని వెతికి పరీక్షించిన రికార్డులు అవి. 71 శాతం రోగుల నుంచి, దొరికినవాళ్ళలో ఒక్కరికీ సోకలేదు. 8 శాతం మంది నుంచి 60 శాతం కొత్త కేసులు వచ్చాయి. ఆర్ విలువ 2.5 అంటే ప్రతివాడూ ఇద్దరు ముగ్గురికి అంటిస్తాడని కాదు. చాలామంది ఎవరికీ అంటించరు, కొద్దిమంది పదీ ఇరవైమందికి అంటిస్తారు. అలాంటప్పుడు ఊరంతా మూసేకంటే గాలాడని గదుల్లో జనం గుమిగూడే సందర్భాల్ని ఆపడం, రోగి నుంచి ఎవరికి పోయిందని మాత్రమే కాక రోగికి ఎక్కడ అంటిందని వెనక్కి కూడా వెతకడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. గుండుగుత్త సగటుతో కట్టిన మోడల్‌కి ఈ మీట కనబడదు.

పోలియోది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు చుక్కల మీద చుక్కలు వేయించుకున్నా కేసులు ఆగలేదు. లెక్కవేస్తే మూడు రకాల వైరస్‌లు కలిసిన చుక్కల మందు అక్కడ టైప్-1 మీద ఒక్కో డోసుకి 9 శాతం మాత్రమే కాపాడుతోందని తేలింది. మిగతా దేశంలో అది 21 శాతం. 9 శాతం అంటే పది డోసులు వేసినా వందలో 39 మంది పిల్లలకి రక్షణ లేనట్టే (0.91ని పదిసార్లు హెచ్చవేసి చూడండి). టైప్-1 ఒక్కటే ఉన్న మందు డోసుకి 30 శాతం దాకా ఇచ్చింది. దాంతో అయిదు డోసులకే రక్షణ లేనివాళ్ళు వందకి 17కి దిగుతారు. ఇంటింటికీ తిరిగే కార్యకర్తల్ని ఇంకా తిప్పడం కాదు, సీసాలో మందు మార్చడం అక్కడ మీట. 2011 జనవరి 13న హావ్‌డాలో వచ్చింది దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు.

ఇక డెంగీ. వానాకాలంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఏ నగరమైనా సాయంత్రం పూట ఫాగింగ్ బండి వీధిలోకి వస్తుంది. పొగకి జనం కిటికీలు మూసుకుంటారు. ఏడిస్ ఈజిప్టై దోమ అప్పటికి మంచం కింద, బట్టల అలమరలో, సోఫా వెనక నీడలో ఉంది. అది పగలు కుట్టే దోమ, ఇంట్లోనే వాలే దోమ. వీధిలో పొగకి, దానికి మధ్య మూసిన కిటికీ ఉంది.

పోనీ పొగ ఇంట్లోకి వెళ్ళి సగం దోమల్ని చంపిందనే అనుకుందాం. పెద్ద దోమ సగటున 10 రోజులు బతుకుతుందనుకుంటే, రోజూ పదో వంతు చచ్చి పదో వంతు కొత్తగా నీళ్ళలోంచి లేస్తుంది. పొగ ఆ నీళ్ళని ముట్టదు. అప్పుడు పడిన లోటు వారానికి సగం పూడుతుంది, మూడు వారాలకి 6 శాతమే మిగులుతుంది. గోడ మందు మార్చినట్టు ఇది దోమ రోజువారీ బతుకు అవకాశాన్ని మార్చదు, ఒక సాయంత్రం ఒకసారి కోత పెడుతుంది. మెక్‌డొనాల్డ్ చూపిన ఘాతపు బలం దీనికి రాదు. వీధి ఫాగింగ్ మీద పెట్టే డబ్బు కనబడడం కోసం పెట్టే డబ్బని నేను నిస్సంకోచంగా అంటాను.

ఒక్క చోట మాత్రం పొగ పనికొస్తుంది, దాన్ని కూడా లెక్కే చెబుతుంది. చనిపోయిన దోమల్లో వైరస్ పండినవి ఉన్నాయి, కొత్తగా లేచేవాటిలో లేదు. కాబట్టి రోగి ఇంట్లో, చుట్టుపక్కల 50 ఇళ్ళలో, లోపలి గదుల్లో పైరెత్రమ్ అనే దోమల మందు కొడితే, అదీ వేళకి కొడితే, గొలుసు తెగుతుంది. ఎంత వేళ? జ్వరం మొదటి రోజున దోమ రోగిని కుట్టిందనుకోండి. వైరస్ దానిలో పండడానికి 8 నుంచి 12 రోజులు. రోగి నాలుగో రోజు ఎన్ఎస్-1 అనే డెంగీ రక్తపరీక్షకి వెళతాడు, అయిదో రోజు రిపోర్టు. ఆసుపత్రి నుంచి జిల్లా మలేరియా అధికారికి జాబితా రెండు రోజుల్లో వెళితే ఏడో రోజు, ఎనిమిదో రోజుకి బృందం ఇంట్లో ఉంటుంది. పట్టుకోవచ్చు. జాబితా వారం ఆగితే పన్నెండు, పదమూడో రోజు అవుతుంది. అప్పటికి ఆ దోమ ఇంట్లో ఇంకొకరిని కుట్టేసి ఉంటుంది. ఈ మధ్యలో ఇల్లు కూడా చెయ్యగలిగింది ఒకటుంది: జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజులు రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచడం. దోమకి వైరస్ ఎక్కువగా దొరికేది ఆ రోజుల్లోనే.

అయినా దీని మీదే ఆధారపడలేం. డెంగీ సోకిన నలుగురిలో ముగ్గురికి చెప్పుకోదగ్గ లక్షణాలే ఉండవు. వాళ్ళు ఏ జాబితాలోకీ రారు, దోమలకి మాత్రం వాళ్ళ నుంచీ వైరస్ అందుతుంది. అందుకే అసలు మీట నీళ్ళ దగ్గరుంది. గుడ్డు నుంచి పెద్ద దోమ రావడానికి 7 నుంచి 10 రోజులు. వారానికోసారి డ్రై డే, అంటే నిలవ నీళ్ళన్నీ ఒంపేసే రోజు, అన్నది ఇందుకే. శుక్రవారం అయినా, ఆదివారం పది గంటలకి పది నిమిషాలైనా, ఏ రోజన్నది కాదు, రెండు డ్రై డేల మధ్య ఏడు రోజులు దాటకూడదన్నది ముఖ్యం. ఒక వారం మానేస్తే మధ్యలో 14 రోజులు, ఆ పాత్రలోంచి ఒక తరం దోమలు లేచిపోతాయి. కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింది పళ్ళేలు, మూత సరిగా పడని ఓవర్‌హెడ్ ట్యాంకు, మేడ మీద పడేసిన టైర్లు, కొబ్బరి చిప్పలు. నీళ్ళు ఒంపేస్తే చాలదు, లోపలి అంచు పీచుతో రుద్దాలి. గుడ్లు నీటి గీతకి పైన గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికి తొలి వానకి పొదుగుతాయి.

దోమల సంఖ్య మామూలు మీటే, వర్గం కాదు, ఘాతం కాదు అని పైన అన్నాను. మరి దాని మీద ఇంత పట్టు ఎందుకు? ముందుగా తిప్పితే అది తరం తరానికీ హెచ్చవుతూ పోతుంది కాబట్టి. ఒక రోగి నుంచి దోమ ద్వారా ఇంకొక రోగికి వెళ్ళడానికి దాదాపు 20 రోజులు పడుతుందనుకుందాం. జులై నుంచి అక్టోబరు దాకా ఆరు తరాలు. ఒక్కో తరానికి 1.5 రెట్లు పెరిగితే ఆరు తరాలకి 11.4 రెట్లు. దోమల్ని 20 శాతం తగ్గించగలిగితే 1.5 కాస్తా 1.2 అవుతుంది, ఆరు తరాలకి 3 రెట్లు. అయిదో వంతు దోమలు తగ్గితే సీజను చివర కేసులు నాలుగో వంతు అవుతున్నాయి.

దీన్ని వార్డు వార్డుకి లెక్కవెయ్యడానికి పెద్ద కంప్యూటర్లు అక్కర్లేదు, ఒక పట్టిక కావాలి. వార్డు పేరు, జ్వరం మొదలైన తేదీ (రిపోర్టు వచ్చిన తేదీ కాదు), ఏ పరీక్ష అన్నది, ఆ వారం చూసిన ఇళ్ళెన్ని, వంద ఇళ్ళకి దోమ పురుగు (లార్వా) కనబడిన నీళ్ళ పాత్రలెన్ని. ప్రభుత్వ లెక్క ల్యాబులో చేసే ఎలైజా రక్తపరీక్షనే ఒప్పుకుంటుంది, ప్రైవేటులో ర్యాపిడ్ కిట్లతో తేలినవి అందులో చేరవు. కాబట్టి రెండిటినీ వేరు వేరు వరసల్లో ఇవ్వాలి, కలపకూడదు, దాచకూడదు. పేర్లు, ఇంటి నంబర్లు అవసరం లేదు. ఈ పట్టిక వాడేవాళ్ళు చివరి పది రోజుల అంకెల్ని గీతలోంచి తీసెయ్యాలి: ఆ రోజుల్లో జ్వరం మొదలైనవాళ్ళు చాలామంది ఇంకా పరీక్షకే రాలేదు, కాబట్టి కేసులు తగ్గుతున్నట్టు ఎప్పుడూ కనబడుతుంది. ఆ తగ్గుదలని నమ్మి పని ఆపిన వారమే రోగానికి అవకాశం. ఆదివారం పడే గుంట కూడా ల్యాబులకి సెలవు వల్లే, ఏడు రోజుల సగటు తీస్తే పోతుంది.

ప్రతి వారం ఈ పట్టికని ప్రతి నగరపాలక సంస్థ బయటపెట్టాలి, మే నెల నుంచే పెట్టాలి. కుండీల తనిఖీ కూడా అప్పుడే మొదలవ్వాలి. పత్రికల్లో కేసులు వచ్చాక ఆగస్టు రెండో వారంలో మొదలుపెడితే ఆరు తరాల్లో రెండు అయిపోతాయి. 1.5ని రెండుసార్లు హెచ్చవేస్తే 2.25. అంటే అప్పటికే రెట్టింపు దాటిన కేసుల మీద, నాలుగు తరాలే మిగిలిన కాలంలో, అదే 20 శాతంతో పని మొదలుపెడుతున్నట్టు. అక్టోబరు చివరికి అది 3 రెట్లు కాదు, 4.7 రెట్లు అవుతుంది.